లైట్‌హౌస్‌కు సగం కథలు

లైట్‌హౌస్‌లో ఉండే కుటుంబాలకు మేం దానంగా పంపుతున్న వారపత్రికల్లో సీరియల్ పేజీలు ఉండటం లేదు. అవి తీసుకుని, మిగిలింది దానం చేస్తున్నారు. ఇది కళ్లారా చూసి రాస్తున్న మాట.

చీపురుపల్లిలోని మా పఠనమందిరం తరఫున ఈసారి మూట మోసే వంతు నాది. ఉదయం ఏడింటి పాసింజరుకు బయలుదేరి ఆమదాలవలసలో దిగి, ఇడ్లీ తిని, శ్రీకాకుళం కాంప్లెక్సులో తీరం వైపు వెళ్లే బస్సెక్కాను. పక్కన ఖాళీ చేపల గంపతో ఒకామె కూర్చుంది.

“ఆ మూటలో ఏటున్నాది మావా?”

“పుస్తకాలమ్మా. లైట్‌హౌసు వాళ్లకి.”

“ఆలకేటి! ఊరందరి కన్నా పెద్ద దీపం ఆలదే. బాగా సదువుకుంతారు!” అని బస్సంతా నవ్వించింది.

బస్సు దిగాక సరుగుడు తోటల మధ్య ఇసకలో నడక. వెళ్లేవాళ్లు మంచినీళ్లు పట్టుకెళ్లాలి, దారిలో కొట్టు లేదు. సెల్లుకు సిగ్నలూ అందదు. మధ్యాహ్నానికి చేరాను. దీపం చూసే ఉద్యోగి భార్య నూకరత్నం చేపల పులుసుతో అన్నం పెట్టింది. ఆమె అత్తగారికి చూపు లేదు. సాయంత్రాలు కోడలు చదివితే వినడమే కాలక్షేపం.

నా గొంతు వినగానే ముసలమ్మ అడిగింది. “బాబూ, కథలో ఆ నర్సు పిల్లకి పెళ్లయిందా నేదా? మునుపటి మూటల్లో కథొచ్చీది, పీటల మీద కూకోబెట్టి వొగ్గేసినారు. కోడల్నడిగితే కాయితం నేదంతాది.”

“నాను దాస్తన్నానని దెబ్బలాడతాది తాతగారూ. మీరే సూడండి,” అంది నూకరత్నం.

నా మూట విప్పాను. ప్రతి పత్రికలోనూ పిన్నులు ఊడదీసి, సీరియల్ పేజీలు లాగేసి, మళ్లీ పిన్నులు కొట్టి ఉన్నాయి. ఒళ్లు మండిపోయింది. కిరాణా కొట్టులో పొట్లాల కాగితాల మీద చదువు నేర్చుకున్నవాణ్ని నేను. కథ మధ్యలో కాగితం చిరిగిపోతే ఎంత కొట్టుకులాడేవాణ్నో నాకింకా గుర్తుంది. పొట్లం చిరగడం వేరు, దానం పేరుతో చించడం వేరు.

ఈ పత్రికలన్నీ మా కార్యదర్శి ఇంటి నుంచి వచ్చినవే. సీరియళ్లు విడదీసి బైండు చేయించి, అద్దాల బీరువాలో పేర్చి వచ్చినవాళ్లకు చూపించడం ఆయనకు గొప్ప.

“ఆ పెళ్లి సంగతి తెస్తానమ్మా,” అని ముసలమ్మకు మాటిచ్చి బయలుదేరాను. తిరుగు బస్సులో రెండుసార్లు ఫోను చేసినా ఆయన ఎత్తలేదు. ఆమదాలవలసలో బండెక్కాక ఎత్తాడు. ఆ బైండు ఒక్క వారం ఇవ్వండి, నేనే తీసుకెళ్లి నేనే తెస్తాను అన్నాను. ఇంత ప్రయాణానికీ నాకు మిగిలింది ఆయన జవాబే. అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

“ఊరికే ఇచ్చినవాటికి పేజీలు లెక్కపెట్టుకుంటారేటండీ? సముద్రం గాలికి నా బైండు పాడైపోతాది. ఆ ముసలమ్మకి కళ్లు లేవు కదా, పెళ్లయిపోయిందని సెప్పీమనండి.”