పరాయి పేర్లతో పరిగెత్తిన మావయ్య

పోయిన నెల మా వారి కంటి పరీక్షకని ఆసుపత్రికి వెళ్లాం. నర్సు ఆయన కళ్లల్లో చుక్కల మందు వేసి, తను చెప్పేదాకా తెరవొద్దని ఒక కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన బుద్ధిమంతుడిలా కళ్లు మూసుకున్నారు గానీ చెవులు ఊరుకోవు కదా. ఎదురుగా గోడ మీది టీవీలో ఏదో ఇంగ్లీషు వ్యాఖ్యానం వస్తోంది. "ఏంటది?" అన్నారు. "ఎవరో ఫుట్‌బాల్ ఆటగాడి కథ లెండి" అన్నాను. తీరా చూస్తే ఆ ఎవరో నాకు తెలిసిన మనిషే. స్వీడన్ దేశపు వింగర్. వింగర్ అంటే మైదానం పక్క గీతని అంటిపెట్టుకుని పరిగెత్తి, బంతిని లోపలికి అందించేవాడు. గోల్ కొట్టే మొనగాడు వేరే ఉంటాడు, ఇతను అందించేవాడన్నమాట. తొంభైల్లో మొదలెట్టి, దేశం తరవాత దేశం తిరిగి, చివరికి సొంత ఊరి జట్టులో ఆట ముగించాడట. ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది. ఇంట్లో ఒక గది నిండా తను ఆడిన జట్ల చొక్కాలు తగిలించుకున్నాడు. రంగులు వేరు, భాషలు వేరు, ప్రతి చొక్కా వీపు మీదా పేరు మాత్రం ఒకటే. "మీ మావయ్య చూస్తుండేవాడే, అతనేనా?" అన్నారు మా వారు కళ్లు తెరవకుండానే. అవునన్నాను. 

మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, మా మావయ్య కూడా వింగరే. ఎడమ వైపు. తాతయ్య పోయాక మా ఇంట్లోనే పెరిగాడు. మాది వన్ టౌన్‌లో ఇరుకు సందు. కింద నాన్న చింతపండు గోడౌను, పైన మేము. మా బట్టలు, పుస్తకాలు, చివరికి మంచినీళ్లు కూడా చింతపండు వాసనే వేసేవి. దానికి తోడు మావయ్య మోకాళ్లకు కర్పూరం వేసి కాచిన నువ్వులనూనె వాసన. డాబా మీద అమ్మ పెట్టిన గుమ్మడి వడియాల పక్కనే తడి బూట్లు ఆరేసేవాడు. "నీ బూట్ల చెమట వడియాలకి పట్టుద్దిరా" అని అమ్మ మొత్తుకునేది. ఆ వడియాలు వేయిస్తే అందరికన్నా ముందు చెయ్యి చాపేది ఆయనే. మనిషి సన్నంగా, మెడ పొడుగ్గా ఉండేవాడు. ఇంట్లో నడుస్తుంటే ఎవరో వెనకనించి తోస్తున్నట్టు వంగి నడిచేవాడు. అదే మనిషి బంతి కాలికి తగిలితే ఇంకోలా అయిపోయేవాడని విన్నానే గానీ చాలా ఏళ్లు నేను చూడలేదు.

ఆయనకి కాళ్లకు చక్రాలే. మన స్టేషన్ నించి నాలుగు దిక్కులకీ రైళ్లున్నాయి కదా, నెలకో దిక్కుకి పోయేవాడు. గోడౌను ఫోనుకి ఎక్కడినించో కబురొచ్చేది. సాయంత్రానికి సంచి సర్దుకుని బయల్దేరేవాడు. కలకత్తా నించి రసగుల్లా డబ్బా, కేరళ నించి అరటికాయ చిప్సు, గోవా నించి జీడిపప్పు తెచ్చేవాడు. నాకు దేశపటం బళ్లో కన్నా ముందు వంటింట్లో తెలిసింది. జీడిపప్పు మాత్రం అమ్మ ఎక్కడ దాచేదో ఇప్పటికీ తెలీదు.

ఆ పిలుపుల వెనక ఒక పద్ధతి ఉండేది. ఆఫీసుల మధ్య పోటీలు జరిగేవి. ఏ ఆఫీసు జట్టులో ఆ ఆఫీసు ఉద్యోగులే ఆడాలన్నది నియమం. ఉద్యోగులేమో కుర్చీల్లో కూర్చుని పొట్టలు పెంచినవాళ్లు. అందుకని ఒక ఉద్యోగిని ఇంట్లో కూర్చోమని, అతని పేరు మీద బయటినించి మంచి ఆటగాణ్ణి దింపేవాళ్లు. దాన్ని దొంగతనమని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. పెళ్లికి వంటమనిషిని పిలిపించుకున్నట్టే ఆటకి మనిషిని పిలిపించుకునేవాళ్లు. ఎక్కడా నోరు జారకూడదని రైలెక్కిన దగ్గర్నించి జట్టులో అందరూ ఆ పేరుతోనే పిలవాలి. ఆ పిలుపుతోనే అన్నం తినాలి, ఆ పిలుపుకే నిద్రలేవాలి. నాన్నకి ఇదొక వేళాకోళం. "ఏవయ్యా బావమరిదీ, ఈసారి ఎవరివి?" అనేవారు. "సుబ్బారావంట బావా. గుమాస్తా." "పోయినసారి డ్రైవరువి గదా! ప్రమోషనొచ్చిందన్నమాట." మావయ్య అన్నంలో మజ్జిగ పోసుకుంటూ నవ్వేవాడు. అమ్మ నవ్వేది కాదు. "వాడి పేరుకేమైందండీ? మా నాన్న ముచ్చటపడి పెట్టింది" అనేది.

ఒకే ఒక్కసారి ఆయన ఆట చూశాను. ఇబ్రహీంపట్నంలో, థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపించే ఒక మైదానంలో ఏవో పోటీలు జరుగుతుంటే నాన్న అమ్మనీ నన్నూ బస్సులో తీసుకెళ్లారు. బస్సు దిగేముందు నాకు పాఠం చెప్పారు. "ఇవాళ ఈడు సుబ్బారావు. మావయ్యా గీవయ్యా అని అరిచావంటే ఇంటికెళ్లాక చెప్తా." గడ్డి కన్నా దుమ్మే ఎక్కువున్న నేల. మావయ్య గీత పక్కన ఒక్కడే నిలబడి, బంతి రానంతసేపూ నేల చూస్తూ ఉన్నాడు. బంతి వచ్చింది. ఆ తరవాత ఆయన్ని పట్టుకోవాలని వచ్చినవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆయన మాత్రం ఏం తొందర లేనట్టు, ఇంట్లో వంగి నడిచినట్టే వంగి, వాళ్ల మధ్యనించి బయటికొచ్చాడు. మైకులో "సుబ్బారావు! సుబ్బారావు!" అని అరుస్తున్నారు. జనం లేచారు. నేనూ లేచి గొంతు చించుకుని "సుబ్బారావ్!" అని అరిచాను. పక్కకి చూస్తే అమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని నోరు మెదపకుండా కూర్చుంది.

అసలు సుబ్బారావు గారు మా వెనక వరసలోనే ఉన్నారు. ఇంట్లో ఉండమంటే ఉండలేక, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి వేరుశనక్కాయలు తింటూ తన ఆట తనే చూసుకుంటున్నారు. గుండ్రటి మనిషి. సాయంత్రం బహుమతుల వేళ మావయ్యని పిలిచి దండ వేసి, సర్టిఫికెట్ ఇచ్చారు. జనం పలచబడ్డాక బస్సు వెనక మావయ్య దాన్ని ఆయన చేతిలో పెట్టాడు. "థాంక్స్ తమ్ముడూ, బ్రహ్మాండంగా ఆడించావు నన్ను" అన్నారాయన. ఆ మాటకి నాన్న దారంతా నవ్వుతూనే ఉన్నారు. దండ మాత్రం మావయ్యే తెచ్చుకున్నాడు. అది నా జడలోకొచ్చింది.

నేను ఇంటర్‌లో కాలేజీ హాస్టల్లో ఉన్న రోజుల్లో మావయ్య మోకాలు సణగడం మొదలెట్టింది. వయసు ముప్పైకి దగ్గరపడింది. అప్పుడే ఒక పెద్ద సంస్థలో ఆటగాళ్ల కోటా కింద పర్మనెంటు ఉద్యోగానికి ప్రకటన పడింది. ఆ ఏడు దాటితే వయసు దాటిపోతుంది. ఇంట్లో అందరికీ అదే ధ్యాస. అమ్మ దుర్గమ్మ కొండెక్కి మొక్కుకొచ్చింది. మావయ్య మోకాలికి పట్టీ బిగించి మైదానంలో సెలక్షనుకి వెళ్లాడు. తనకన్నా ఎంతో చిన్నవాళ్లని దాటి పరిగెత్తాడట. చూడ్డానికొచ్చిన పెద్దాయన ఒకరు కుర్చీలోంచి లేచి, భుజం మీద చెయ్యేసి, "ఇంత ఆట పెట్టుకుని ఇన్నేళ్లూ ఎక్కడున్నావయ్యా?" అన్నారట. ఆ వెంటనే, రాష్ట్రస్థాయిలో ఆడినట్టు సర్టిఫికెట్ ఉంటే సోమవారానికల్లా తెమ్మన్నారు. ఈ సంగతి మావయ్య అన్నం ముందు కూర్చుని నవ్వుతూ చెప్పాడని అమ్మ తరవాత నాతో అంది. ఆ పూట అన్నం మాత్రం తినలేదట. ఆయన ఆడని రాష్ట్రం లేదు. ఆయన పేరున మాత్రం కాలేజీ రోజుల్లో జిల్లాస్థాయిలో ఆడిందే ఉంది.

ఆ ఆదివారం నాన్న నన్ను హాస్టల్ నించి బయటికి తీసుకెళ్లడానికొచ్చారు. వెంట మావయ్య ఉన్నాడు. దార్లోనే కదా అని ముందు సుబ్బారావు గారింటికి తీసుకెళ్లారు. రాష్ట్రస్థాయి పోటీల్లో కూడా మావయ్య ఆయన పేరునే ఆడాడు. ఆ పుణ్యాన ఆయనకి ప్రమోషనొచ్చింది. హాల్లో దేవుడి పటాల పక్కనే ఆ సర్టిఫికెట్లు అద్దాల ఫ్రేముల్లో ఉన్నాయి. ఆయన ఇద్దరు కూతుళ్లు వాటి కింద కూర్చుని హోంవర్కు చేసుకుంటున్నారు. ఆయన భార్య అల్లప్పచ్చడితో పెసరట్లు పెట్టింది. రాష్ట్రస్థాయిలో ఆడింది తను కాదు, ఈ కుర్రాడని ఒక్క ముక్క రాసివ్వమని నాన్న అడిగారు. సుబ్బారావు గారు చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "ఆడింది తమ్ముడే. నేను కాదంటే కళ్లు పోతాయి. కానీ కాగితం మీద ఎట్టా పెట్టమంటారండీ? నేను రాసిస్తే నా ఉద్యోగం పోద్ది. ఈ పిల్లల్నేం చెయ్యను?" అన్నారు. మావయ్య లేచి నిలబడి, "పెసరట్టు చాలా బాగుందండి వదినగారూ" అన్నాడు.

రోడ్డు మీదికొచ్చాక నాన్నకి కోపం ఆగలేదు. నాన్న అరవగా వినడం నాకదే మొదటిసారి. "నేను వెళ్లి చెప్తానయ్యా ఆ పెద్దాయనకి. నీ పక్కన ఆడినోళ్లందర్నీ తీసుకెళ్తా. ఆయన ఉద్యోగం పోతే పోనీ!" మావయ్య మెల్లగా అన్నాడు: "ఆయనది పోద్ది బావా, నాకు రాదు. దొంగపేరుతో ఆడానని నా నోటితో నేనే ఒప్పుకున్నాక నన్నెవరు తీసుకుంటారు? ఆ పిల్లల్ని చూశావుగా."  నాన్న నన్ను సోడా తాగుతావా అని అడిగారు. ఎవరికీ దాహం లేకపోయినా ముగ్గురం నిలబడి తాగాం. సుబ్బారావు గారు చెడ్డమనిషి కాదని నాకు తెలుసు. అయినా ఆయన మీద కోపం ఈనాటికీ పోలేదు. ఆ పెసరట్టు అంత బాగుండటం గుర్తొస్తే ఇంకా మండుతుంది.

సోమవారం వచ్చింది, పోయింది. ఆ తరవాత మావయ్య ఎక్కడికీ ఆడ్డానికి వెళ్లలేదు. ఫోనొస్తే "లేడని చెప్పండి" అనేవాడు. గోడౌన్లో కాటా దగ్గర నిలబడి బుట్టలు తూయించేవాడు. కుదరబోతున్న సంబంధం ఒకటి ఉండేది, వాళ్లు కొన్నాళ్లు చూసి మానుకున్నారు. కేబుల్లో విదేశీ ఆటలు రావడం మొదలయ్యాక, మధ్యాహ్నాలు గోడౌనుకి షట్టరు దించి పైకొచ్చి చూస్తుండేవాడు. అప్పుడే ఆ స్వీడన్ మనిషి ఆయన కంటబడ్డాడు. "చూడవే బుజ్జమ్మా, ఆ నిలబడ్డం అచ్చం నాలాగే లేదూ? బంతి రాకపోతే నేల చూస్తాడు." కొన్నాళ్లకి ఆ మనిషి ఇంకో రంగు చొక్కాలో కనిపించేవాడు. "మళ్లీ ఊరు మారాడే!" అని సంబరపడేవాడు. అతను కనిపించకుండా పోతే నాకు పని పడేది. ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లి వెతికి, "టర్కీలో ఉన్నాడంట మావయ్యా" అని చెప్పేదాన్ని. "అక్కడ తిండి పడుద్దో లేదో" అనేవాడు, వాడేదో మనింటి పిల్లాడైనట్టు. అన్ని కబుర్లు చెప్పేవాడు గానీ తను ఏ ఊళ్లో ఎలా ఆడాడో మాత్రం అడిగినా చెప్పేవాడు కాదు.

నా పెళ్లయిన కొన్నేళ్లకి, ఒక వానాకాలం పొద్దున కాటా దగ్గర నిలబడినవాడు నిలబడినట్టే కూలిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయాడు. ఎవరో పాత కోచ్‌కి తెలిసి, ఆయన నలుగురికీ చెప్పినట్టున్నాడు. మూడో రోజు నించి మా సందులోకి కొత్త మనుషులు రావడం మొదలైంది. ఆ మధ్యాహ్నం నేనూ అమ్మా బాల్కనీలో ఉన్నాం. కింద ఒక పెద్దమనిషి గొడుగు ముడుస్తూ హమాలీని అడుగుతున్నాడు, "ఫుట్‌బాల్ ఆడే నారాయణ గారిల్లు ఇక్కడేనాండీ? పోయారంట కదా." "నారాయణ ఎవరూ లేరండీ ఇక్కడ. మా అయ్యగారి బావమరిది పోయాడు గానీ ఆయన పేరు అది కాదు" అన్నాడు హమాలీ. "పొద్దున కూడా ఎవరో డేవిడ్ గారిల్లని అడిగితే లేదని పంపించేశా" అని కూడా చెప్పాడు. ఆ మనిషి సరేనని గొడుగు విప్పి వెనక్కి తిరిగాడు.

అమ్మ చెప్పుల్లేకుండా మెట్లు దిగి వానలోకి పరిగెత్తింది. నేను వెనకే వెళ్లేసరికి ఆ మనిషి మోచెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. "ఇదే ఇల్లండీ. నారాయణ మా తమ్ముడే. రండి, పైకి రండి" అంటోంది. ఇన్నేళ్లూ ఆ పేర్లు తన నోటితో పలకని మనిషి ఆమె. తరవాత హమాలీని పిలిచి, "ఎవరొచ్చి ఏ పేరడిగినా లేదనమాక. పైకి పంపించు" అని చెప్పింది. ఆ వారమంతా వస్తూనే ఉన్నారు. ఎవరో సుబ్బారావు అన్నారు, ఎవరో డేవిడ్ అన్నారు. కేరళ నించి వచ్చిన ఒకాయన మాకెవరికీ నోరు తిరగని పేరొకటి చెప్పి ఏడ్చాడు. మావయ్య పటం కింద రాసిన పేరు చూసి, ఇదా ఇతని పేరు అని ఒకరినొకరు అడుగుతున్నారు. అసలు సుబ్బారావు గారు మాత్రం రాలేదు. అమ్మ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మా తమ్ముడు మీ ఊళ్లో ఎలా ఆడాడో చెప్పండని అడిగింది. మావయ్య మాకెప్పుడూ చెప్పని ఆటలన్నీ ఆ వారంలో విన్నాం.

ఇప్పుడు అమ్మా లేదు, నాన్నా లేరు. ఆ వచ్చినవాళ్లు కూడా ఎక్కడెక్కడో పెద్దవాళ్లయిపోయి ఉంటారు. వాళ్లున్నంతకాలం మావయ్య ఆ ఊళ్లల్లో నారాయణగానో డేవిడ్‌గానో గీత పక్కన పరిగెడుతూనే ఉంటాడు. సొంత పేరుతో మాత్రం ఆయన్ని తలుచుకునేదాన్ని ఇక నేనొక్కదాన్నే మిగిలాను, నాకూ వయసు మీదపడుతోంది.