రెండు వేళ్ల కత్తెర

ఉదయం పదిన్నరకు తిరుపతిలో వీడియో స్టూడియో నడిపే అన్న పక్కన కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చెల్లి పెళ్లి కథను అమ్మ గొంతుతో చెప్పించి, నా మొదటి వీడియో చేయడం నేర్చుకుంటున్నాను. అక్కరలేని దృశ్యం వస్తే అన్న రెండు వేళ్లు కత్తెరలా ఆడించేవాడు. నాయన పోయాక బొట్టు మానేసిన అమ్మ తెరమీదికి రాగానే ఆ వేళ్లు కదిలాయి.

“గొంతు ఉండనీ పాపా. మొగం తీసేస్తా. శుభకార్యం గదా.”

“అమ్మ లేకుండా ఎట్లన్నా?”

“నా పెండ్లి వీడియోలో మా యమ్మనే తీసేసినా.”

నాతో వచ్చి వెనక కూర్చున్న అమ్మ, “తీసెయ్ నాయనా, నన్ను సూసేదెవురు” అంది.

అన్న తీసేశాడు. కంప్యూటర్‌లో జాగా చాలదని అసలు దృశ్యాలూ చెరిపేశాడు. తర్వాత ఓపికగా పాట కలపడం నేర్పాడు.

కొన్నేళ్లకు అమ్మ కూడా పోయింది. వీడియోలో ఆమె మాట్లాడినంతసేపూ పెళ్లివారి మొహాలే కనిపిస్తాయి. మా ఇంట్లో ఇప్పుడు దాన్ని ఎవరూ పెట్టరు.