ఆకుపచ్చ ఊలుతో కుట్టిన హెల్మెట్

“టోపీ కాదు తమ్ముడూ, హెల్మెట్. మేమంతా పొరబడింది అక్కడే. ఉండు, ముందు ఇది రుచి చూసి చెప్పు. ఉప్పు సరిపోయిందా?”

వెనాన్సియా అందించిన గరిటెడు సూప్ మింగలేకపోయాను. అంత ఉప్పగా ఉంది. ఆ మాటే చెప్పాను. ఆమె మంచులో ఎండబెట్టిన నల్ల బంగాళాదుంపలు ఇంకో గుప్పెడు కుండలో వేసింది, ఉప్పు లాగేస్తాయని.

కొండ మీద మంచు మొదలయ్యే చోటికి కాస్త దిగువన ఉన్న రేకుల వంటిల్లు అది. పద్నాలుగేళ్లుగా శిఖరం ఎక్కేవాళ్లకు ఆమే వండి పెడుతోంది. కింద ఎల్ ఆల్టో పట్నంలో మా ఎదురిల్లు ఆమెది కాబట్టి ఆ చేతి వంట నాకు కొత్త కాదు. రెండేళ్లుగా ఆ చేతికి ఉప్పు పాళ్లు తెలియడం లేదు. ఇంకొక్కసారి సూప్ పారబోయాల్సి వస్తే వేరే మనిషిని పెట్టుకుంటామని శిఖరం ఎక్కించే కంపెనీవాళ్లు చెప్పేశారు.

“నాలుక మీద గుడ్డ కప్పినట్టుంటుంది. సున్నం తిన్నా, జున్ను తిన్నా ఒకటే,” అంది.

మా జట్టులో ఆరుగురం. ఇవాళ పై శిబిరానికి, రేపు పొద్దున్నే శిఖరానికి. బయట మిగతావాళ్లు బూట్లకు ఇనప ముళ్లు బిగించి చూసుకుంటున్నారు. గైడు ఎలోయ్ తాళ్లు చుట్టలు చుడుతున్నాడు. నేను కంపెనీ సామాన్ల కొట్లోని కుప్పలోంచి నా తలకు సరిపోయిన ఎర్ర హెల్మెట్ ఒకటి ఏరుకుని, దానితోనే వంటింట్లోకి వచ్చాను. అది చూడగానే ఆమె చేతిలో గరిట ఆగిపోయింది.

రుఫీనా సంగతి ఇదివరకు ముక్కలు ముక్కలుగా విన్నాను. ఇవాళ మొత్తం చెప్పింది.

రుఫీనా ఎలోయ్ చెల్లెలు. ఇదే వంటింట్లో వెనాన్సియా పక్కన కూర్చుని దుంపలు ఒలిచేది. “నేనే రెచ్చగొట్టాను. ‘ఇన్నేళ్లూ వీళ్ల గిన్నెలు తోమాం, వీళ్లు పైకెళ్లి చూసేదేమిటో ఒక్కసారన్నా చూశామటే?’ అన్నాను. ‘నా అయిదు పావడాలు చూసి తాత పడి పడి నవ్వుతాడేమోనే’ అంది.” ఇక్కడి ఆడవాళ్లు పావడా మీద పావడా తొడుగుతారు. తాత అంటే కొండే.

రెండేళ్ల కిందటి ఆగస్టులో వంటవాళ్లే నలుగురు ఆడవాళ్లు ఒక జట్టు కట్టారు. చీకటి ఉండగానే బయల్దేరారు. ఒకే తాడు. ముందు ఎలోయ్, చివర రుఫీనా, ఆమెకు ముందు వెనాన్సియా. పావడాల అంచులు గడ్డకట్టి కాళ్లకు రేకుల్లా కొట్టుకుంటుంటే, నాలుగడుగులకోసారి ఊపిరికోసం నిలబడుతూ ఎక్కారు. అలుపు తెలియకుండా బుగ్గన పెట్టుకునే కోకా ఆకు చప్పబడ్డప్పుడల్లా కొత్తది పెట్టుకున్నారు. శిఖరానికి గంట దూరం ఉందనగా ఎండ వచ్చింది. అక్కడ మంచులో ఒక నెర్రె ఉంది. దాని మీద కొత్త మంచు వంతెనలా పేరుకుని ఉంటే నలుగురూ దాటారు. అయిదో మనిషి కాలు పెట్టగానే అది కూలింది.

“నన్ను ఎవరో నడుం పట్టి వెనక్కి విసిరినట్టయింది. బోర్లా పడి మంచు గొడ్డలి దిగ్గొట్టాను. రుఫీనా బరువంతా నా నడుముకే వేలాడుతోంది. లోపల్నుంచి అరిచింది. ఏమనో తెలుసా? ‘ఏమే వెనా, ఉప్పు డబ్బాకి మూత పెట్టొచ్చావా?’ అని. నన్ను నవ్వించడానికే. ‘పెట్టానే, గమ్మున ఉండు, లాగేస్తున్నారు’ అన్నాను. పెట్టలేదు తమ్ముడూ. తర్వాత చాలాసేపు తాడుతోనే మాట్లాడాను. అది పలకలేదు.”

పైకి లాగేసరికి రుఫీనాలో ప్రాణం లేదు. లోపలెక్కడో గట్టి దెబ్బ తగిలిందట.

మనిషి హడలిపోయిన చోటే జీవంలో కొంత జారిపడి అక్కడే ఉండిపోతుందని ఇక్కడివాళ్లకు తెలుసు. దాన్ని అహాయు అంటారు. వెనాన్సియా నాలుకకు రుచి పోయిందీ అందుకే. ఆ వేళ ఒంటి మీదున్న గుడ్డో, టోపీయో పట్టుకెళ్లి పేరు పెట్టి పిలిస్తే తిరిగొస్తుంది. పిలవడం తెలిసిన ముసలి ఫౌస్తోకి వెనాన్సియా గుండ్రటి టోపీ ఇచ్చారు. ఆయన మంచు అంచున నిలబడి మూడుసార్లు పిలిచాడు. ఏమీ రాలేదు.

“ఎలా వస్తుంది? టోపీ ఆ రోజు ఇదిగో, ఈ మేకుకి వేలాడుతోంది. నా తల మీదున్నది కంపెనీ హెల్మెట్. ఈ సంగతి మొన్నటిదాకా ఒక్కళ్లకీ తట్టలేదు. ఆడదాని తలంటే మాకు టోపీయే గుర్తొస్తుంది.”

“ఇదేనని ఎలా చెప్పగలవక్కా? అన్నీ ఎర్రవేగా?”

గడ్డం కింది పట్టీ చూపించింది. తెగిన చోట ఆకుపచ్చ ఊలుతో కుట్టి ఉంది. “ఆ పొద్దున నేనే కుట్టుకున్నాను. రెండేళ్లుగా ఎవరెవరి తలల మీదో ఎక్కుతోంది, దిగుతోంది.”

“నువ్వే రారాదా?”

“రెండుసార్లు బయల్దేరాను. మంచు అంచుదాకా వెళ్లి వెనక్కి దిగొచ్చేశాను. ఎలోయ్‌ని అడగలేను. అక్కడికొచ్చాక అతను ఎటూ చూడడు, గబగబా దాటించేస్తాడు.”

బయటినుంచి ఎలోయ్ కేకేశాడు. “కడుపు నిండిందా దొరగారికి? తాత ఎదురుచూస్తున్నాడు!”

వెనాన్సియా హెల్మెట్ నా తలకు పెట్టి పట్టీ బిగించింది. వేళ్లు చల్లగా ఉన్నాయి.

“నెర్రె దగ్గర తియ్యకు. దాటాక ఇరవై అడుగులకి చదునుగా ఉంటుంది, ఎలోయ్ ఊపిరి తీసుకోనిస్తాడు. అప్పుడు తీసి గిన్నెలా వెల్లకిలా పట్టుకో. ‘వెనాన్సియా, రా, ఇంటికి పోదాం’ అను. మూడుసార్లు. మళ్లీ పెట్టుకో, దిగొచ్చేదాకా ఎవరికీ ఇవ్వకు. ఇంకో మాట తమ్ముడూ. నా ఒక్కదాని పేరే పిలువు. రుఫీనా పేరు మాత్రం పొరపాటున కూడా ఎత్తకు. అది పిలిస్తే వచ్చేసే రకం. వచ్చాక దాన్ని నేనెక్కడ కూర్చోబెట్టను?”