ఎదురింటి ఆంటీ పత్తి పుస్తకం

పోయిన శనివారం గ్యారేజీ ఖాళీ చేసి, మా పాత స్కానర్‌ని కౌన్సిల్ టిప్‌కి తీసుకెళ్ళాం. ఇక్కడి ఇంగ్లీషువాళ్ళు పాత సామాను పారేసే చోటుని టిప్ అంటారు. వాళ్ళు మనకిచ్చే టిప్పేమీ ఉండదు, మనం ఇచ్చి రావడమే. పసుప్పచ్చ జాకెట్టు వేసుకున్న పెద్దమనిషి దాన్ని ఒంటిచేత్తో అందుకుని, పాత టోస్టర్ల పక్కన పెట్టేశాడు. మావారు మాత్రం కారు దిగలేదు. ఒకసారి దణ్ణం పెట్టిన వస్తువుని చేతులారా పారేయలేరట. నా చేతులకి అలాంటి పట్టింపులేమీ లేవు కాబట్టి ఆ పని నాకే పడింది.

ఆ స్కానర్ కొన్నది మేం స్టీవెనేజ్‌లో కాపురం పెట్టిన కొత్తలో. మావారు అక్కడే ఒక ఇంజినీరింగ్ కంపెనీలో పనిచేసేవారు. నేను రోజూ వాట్‌ఫర్డ్ వెళ్ళి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. అంటే ఎవరో రాసినదాంట్లో తప్పులు వెతకడం. ఇంట్లోనూ అదే చేస్తానని మావారి అభియోగం. ఇంట్లో చేసేదానికి జీతం రావడం లేదన్నది నా ఫిర్యాదు. మా ఎదురింట్లో ఒక నల్లజాతి అమెరికన్ పెద్దావిడ ఒక్కరే ఉండేవారు. ఇంగ్లీషాయన్ని పెళ్ళి చేసుకుని ఈ దేశం వచ్చి, ఏళ్ళ తరబడి ఇక్కడి బళ్ళలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆయన పోయి చాలాకాలమైంది. మనకు పెద్దవాళ్ళందరూ ఆంటీలే కనుక ఆవిడనీ మొదటిరోజే ఆంటీ అనేశాను. "అయితే మీ అమ్మకి నేను అక్కనా, చెల్లెలినా?" అని అడిగారు. అక్క వరస అన్నాను. "చెల్లెలంటే కేకు పెట్టేదాన్ని," అన్నారు. అన్నారేగాని కేకూ పెట్టారు.

కంప్యూటర్ ఉద్యోగమంటే చాలు, మైక్రోవేవ్ దగ్గర్నించి డోర్‌బెల్ దాకా అన్నీ బాగుచేయగలమని జనానికి ఒక నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒక ఆదివారం ఆంటీ అట్టపెట్టె పట్టుకుని వచ్చారు. లోపల టైపు చేసిన పల్చటి కాగితాలు, తాడుతో కట్టినవి. ఆవిడ చిన్నతనంలో అమెరికా దక్షిణాదిలో తెల్లవాళ్ళ కాలేజీలు నల్లపిల్లల్ని రానిచ్చేవి కావు. వాళ్ళకి వేరే కాలేజీలుండేవి. అలాంటి ఒక చిన్న కాలేజీలో ఆవిడ చదివారు. అక్కడ ఒక టీచరమ్మ పరిశోధన మొదలుపెట్టారట, పత్తి ఏరే కాలంలో నల్లపిల్లల చదువు ఏమవుతుందని. విద్యార్థినుల్ని వాళ్ళ వాళ్ళ ఇళ్ళకే పంపి, అమ్మల్నీ అమ్మమ్మల్నీ అడిగించి, చెప్పింది చెప్పినట్టు రాయించారు. ఎక్కడ నవ్వితే అక్కడ నవ్వారని, ఎక్కడ ఊరుకుంటే అక్కడ ఊరుకున్నారని కూడా. భూస్వాములకి తెలిస్తే ప్రమాదమని పేర్లు మాత్రం ఎక్కడా రాయనివ్వలేదు. టైపు చేసింది మా ఆంటీ. ఒక పెద్ద యూనివర్సిటీకి పంపితే, ఇది ఆడవాళ్ళ ముచ్చట్లే గాని పరిశోధన కాదని తిప్పి పంపారు. కాలేజీలో ఉంచిన అసలు కాపీ, లైబ్రరీ కప్పు కారి, తడిసి పాడైపోయింది. ఇప్పుడు ఆ కాలేజీ లైబ్రేరియన్, చిన్నమ్మాయి, అలాంటి పాత పరిశోధనలన్నీ వెతికి పోగుచేసి, ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెడుతోంది. క్రిస్మస్‌తో ఆ పని మూసేస్తారు. అప్పటికి చేరనివి ఇక చేరనట్టే. ఆంటీ దగ్గరున్న ఈ కార్బన్ కాపీ తప్ప ఇంకొకటి ఎక్కడా లేదు.

"పోస్టులో పంపొచ్చు కదా ఆంటీ?" అన్నాను.

"హనీ, దీన్ని ఒళ్ళో పెట్టుకుని సముద్రం దాటించాను. మళ్ళీ ఒంటరిగా పంపమంటావా?"

అందుకని స్కానర్ కొన్నాం. కాగితం దొరకని రోజుల్లో చేసిన టైపు కాబట్టి రెండువైపులా అక్షరాలే. స్కాన్ చేస్తే వెనకవైపు అక్షరాలు ముందుకొచ్చి ముందువాటితో కొట్లాడేవి. మావారు రెండురోజులు ఆలోచించి ఒక నల్ల అట్ట తెచ్చి కాగితం మీద బోర్లించారు. వెనక అక్షరాలు అణిగిపోయి ముందువి తేటగా వచ్చాయి. వెనక నల్లది నిలబడితేగాని ముందున్నది చదవడం కుదర్లేదన్నమాట. ఆంటీకి చెబితే, "ఆ సంగతి మా టీచర్‌కి ఎప్పుడో తెలుసు," అని కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు.

నా స్కానింగ్ నత్తనడక నడిచింది. కారణం, నేను చదవడం మొదలుపెట్టాను. ఒక తల్లి అంటుంది, "బడి ఎక్కడికీ పోదు, వానొస్తే పత్తి పోతుంది." మా గుంటూరు వైపు మిరపకోతలప్పుడు నా పక్క బెంచీలు ఖాళీ అయిపోయేవి. ఆ పిల్లల్ని ఎందుకు రాలేదని అడిగినవాళ్ళూ లేరు, అడిగి రాసుకున్నవాళ్ళూ లేరు. పేజీ గాజు మీద పెట్టి అలాగే ఉండిపోతే, మావారు తలుపు దగ్గర్నించి, "స్కాన్ చేస్తాండావా, పరీక్షకు చదువుతాండావా?" అనేవారు. ఒకనాడు లీసెస్టర్‌లో ఉండే పిన్ని ఫోన్ చేస్తే, "స్కానింగ్‌లో ఉన్నాను పిన్నీ, మళ్ళీ చేస్తా," అన్నాను. ఆవిడ చుట్టాలందరికీ శుభవార్త చెప్పేసింది. చాలారోజులు అందరికీ అది కాగితాల స్కానింగ్ అని చెప్పుకోలేక చచ్చాను.

అంతలో దసరా వచ్చింది. మావారిది అనంతపురం. ఆయుధపూజ నాడు ఇంట్లో కదిలేదీ మెదిలేదీ ఏదీ బొట్టు తప్పించుకోలేదు. కారుకి, దుమ్ము పీల్చే హూవర్‌కి, ఇస్త్రీపెట్టెకి, కంప్యూటర్‌కి. ఆఫీసు నుంచి వచ్చి స్కానర్ మూత తీద్దును కదా, సరిగ్గా రాలేదని మళ్ళీ స్కాన్ చేయడానికి గాజు మీద ఉంచిన మొదటి పేజీకి, టీచరమ్మ పేరుకి కాస్త పైన, తడి కుంకుమ బొట్టు.

"ఏం చేశారండీ ఇది?"

"ఏం చేసినా? పుస్తకం గదా, బొట్టు పెట్టినా. అన్నిటికీ పెట్టి దాన్ని ఇడిసిపెడితే బాగుంటాదా?"

"లోకంలో ఉన్నదే ఇదొక్కటి."

ఆయన మొహంలో రంగు దిగిపోయింది. తుడిస్తే కాగితం చిరుగుతుంది, తుడవకపోతే అలాగే ఉంటుంది. క్రిస్మస్ దగ్గరికొస్తోంది. మరకలున్నవి తీసుకుంటారో తీసుకోరో తెలియదు. ఆయనే ఆ పేజీ పట్టుకుని, రెండో చేత్తో బొబ్బట్ల డబ్బా తీసుకుని ఎదురింటికి బయల్దేరారు. హోంవర్కు చెయ్యని పిల్లవాడి వెనక అమ్మలా నేనూ వెళ్ళాను.

ఆంటీ భూతద్దం పెట్టుకుని చూశారు. తర్వాత, "ఇది దేనికి పెడతారు?" అన్నారు.

మావారు తడబడుతూ చెప్పారు, మనకు అన్నం పెట్టేవాటికీ బుద్ధి ఇచ్చేవాటికీ ఏడాదికొకసారి మొక్కుతామని, దీనికీ అందుకే పెట్టానని, తప్పైపోయిందని.

"దీన్ని ముచ్చట్లన్నారు. మహిళామండలి కాలక్షేపమన్నారు. ఒకాయనైతే మార్జిన్లు బాగున్నాయని మెచ్చుకున్నాడు," అన్నారు ఆంటీ. "మొక్కినవాళ్ళు మాత్రం ఇంతవరకూ ఎవరూ లేరు. ఆ డబ్బాలో ఏమిటి?"

కంప్యూటర్‌లో ఆ మచ్చ చెరిపేయడం నాకు చిటికెలో పని. ఆంటీ ఒప్పుకోలేదు. లైబ్రేరియన్‌కి రాస్తే, ఉన్నది ఉన్నట్టే పంపమంది, కాకపోతే ఆ గుర్తు ఏమిటో వివరం రాయమంది. ఆ ఒక్క వాక్యం కోసం మా డైనింగ్ టేబుల్ దగ్గర ఒక సాయంత్రమంతా గడిచింది. "ఎర్రటి పొడి మరక" అని నేను. "మరక కాదు, పూజ" అని మావారు. చివరికి, తర్వాతి కాలంలో ఒక ఇంట్లో గౌరవసూచకంగా పెట్టిన కుంకుమ బొట్టు అని ఆంటీయే చెప్పి రాయించారు. క్రిస్మస్‌కి వారం ముందు అన్ని పేజీలూ చేరాయి. టీచరమ్మ పేరు కింద "పరిశోధన" అన్న మాట తెరమీద కనబడితే, ఆంటీ దాన్ని నాచేత పెద్దది చేయించి, ఇంకా పెద్దది చేయించి, ఆ ఒక్క మాటే తెర నిండా ఉండేలా పెట్టించుకుని కూర్చున్నారు.

మరుసటేడు వసంతంలో, ఆ కాలేజీలో చదివే ఒక అమ్మాయి నుంచి ఉత్తరం వచ్చింది, లైబ్రేరియన్ ద్వారా. పుస్తకమంతా చదివానని, వానొస్తే పత్తి పోతుందన్న తల్లి ఆ మాట తర్వాత నవ్విందని రాసి ఉందని, అందులో నవ్వేముందో అర్థం కాలేదని, ఆవిడెవరో తెలిస్తే చెప్పమని అడిగింది. చదివి వినిపించాను. ఆంటీ బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డట్టు నిటారుగా కూర్చున్నారు.

"ముందు వెళ్ళి మీ అమ్మమ్మని అడుగు, ఆవిడకి తెలుస్తుంది అని రాయి," అన్నారు. నేను టైపు చేశాను. "తర్వాత ఇది రాయి. ఆ తల్లి నవ్వింది నన్ను చూసి. అడుగుతున్నది నేనే గనక. రాత్రి దీపం దగ్గర నాచేత పాఠాలు అప్పజెప్పించుకునేది ఆవిడే గనక." నేను టైపు చేసింది భూతద్దంతో ఒకసారి చూసుకున్నారు. "పేర్లు రాయొద్దని మా టీచర్ అంది. ఆ భూస్వాములెవరూ ఇప్పుడు లేరు. రాయి."

ఆంటీ తన అమ్మ పేరు ఒక్కొక్క అక్షరమే చెప్పారు. ఆ పేరు నేనిక్కడ రాయను, అది ఆ అమ్మాయి అడిగి సంపాదించుకున్నది. కొన్ని ప్రశ్నలకి జవాబు తెలిసినవాళ్ళుంటే చాలదు, అడిగేవాళ్ళు పుట్టి, చదువు నేర్చి, వచ్చేదాకా కాలం కూడా కాస్త ఓపిక పట్టాలి.