గుర్తొచ్చిందని చెప్పిన రోజు

గతం మరిచిపోయిన అమ్మాయిల నవలలు తిరుపతిలో పాత పుస్తకాలు అమ్మే చోట ఎప్పుడూ నాలుగైదు కనబడతాయి. పదహారు, పదిహేడేళ్ల పిల్ల. తలకు దెబ్బ. ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరిచి ‘నేనెవరిని?’ అంటుంది. చివర్లో ఇంకో దెబ్బ తగులుతుంది, పోయినదంతా ఒక్కసారిగా తిరిగొస్తుంది. అలాంటివి నేను చాలా చదివాను. దెబ్బ తగలకముందు సరదా కోసం, తర్వాత తప్పులు పట్టడం కోసం. వాటిలో లెక్క ఎక్కడ తప్పుతుందో నాకు తెలుసు. ఆ పిల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఆమెకు గతం గుర్తుకు రావాలని కోరుకుంటున్నారని రాస్తారు.

మాది ఐరాల దగ్గర పల్లె. తొంభైల మొదట్లో నేను పదో తరగతి చదువుతుండగా మా మిద్దె మెట్ల మీద నుంచి పడ్డాను. ఆ మెట్లకు పక్క గోడ లేదు. శెనక్కాయలు ఎండబోయడానికి గంప ఎత్తుకుని పైకెక్కుతూ జారానని ఇంట్లో చెప్పారు. చిత్తూరు ఆసుపత్రిలో కళ్లు తెరిచినప్పుడు నేనెవరో నాకు తెలుసు. అమ్మ, నాయన, ఊరు, అన్నీ తెలుసు. అంతకుముందు ఒక ఏడాది మాత్రం లేదు. చివరగా గుర్తున్నది ముందటి ఏటి చింతపండు పని. ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పు. మధ్యలో ఏమీ లేదు. పదో తరగతి పాఠాలు కూడా ఆ ఏడాదితోనే పోయాయి. పరీక్షలకు వెళ్లలేదు. ఆ లెక్కలన్నీ తర్వాత పాత పుస్తకం ముందు పెట్టుకుని ఎవరూ చెప్పేవాళ్లు లేకుండా మళ్లీ నేర్చుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి మళ్లీ చింతపండు కాలం. మా వసారాలో పది మంది ఆడవాళ్లు కూర్చుని కాయల పెంకు తీసి, బండ మీద పెట్టి ఇనుప కడ్డీతో కొట్టి గింజ తీసేవాళ్లు. కొట్టే పనికి చేతులు చాలు, చెవులు ఖాళీ. అందుకని చిత్తూరు బస్టాండు పక్క అంగడి నుంచి మా చిన్నమ్మ అద్దెకు నవలలు తెచ్చేది. చదివేది నేను. దాంతో గతం మరిచిపోయే నవలల సంగతి అమ్మను కన్న, చదువు రాని మా అవ్వకు కూడా బాగా తెలుసు. ఇప్పుడు ఆ నవలలోని పిల్లే వచ్చి మధ్యలో కూర్చుంది. ఇంక వాళ్లకు పుస్తకంతో పని లేకపోయింది.

“మే, పోయిన తిరణాళ్లకి కాణిపాకంలో నువ్వేం జేసినావో తెలుసునా?” అని మొదలుపెట్టింది పక్కింటావిడ.

“ఏం చేసినానక్కా?”

“కోనేట్లో దిగి, పావడ పోగొట్టుకోని, మీ నాయన పంచ కట్టుకోని బస్సెక్కినావు.”

నేను నమ్మాను. అందరూ నవ్వారు. అప్పుడు అర్థమై నేనూ నవ్వాను. మరుసటి రోజు ఇంకొకటి. కోమటాయన అంగడిలో బెల్లం దొంగిలించానని, అయ్యవారికి ప్రేమలేఖ ఇచ్చానని, ఆయన దాన్ని తరగతిలో చదివాడని. కన్నీళ్లు వచ్చేదాకా నమ్మించి, తర్వాత “ఊరికేమే, తమాసాకి” అనేవాళ్లు. అమ్మ నవ్వేది కాదు, వద్దని కూడా అనేది కాదు. కడ్డీ పైకెత్తి, కాయ మీద దించి, గింజ పక్కకు నెట్టేది.

వీటి మధ్య ఒక మాట మాత్రం తమాషా కాదన్నారు. మా వైపు అక్క కూతురిని తమ్ముడు చేసుకోవడం మామూలే. అమ్మ తమ్ముడు కాణిపాకం రోడ్డులో మోటార్లు బాగుచేసే అంగడి పెట్టుకుని ఉండేవాడు. నాకంటే చాలా పెద్దవాడు. అతన్ని చేసుకుంటానని నేనే అన్నానట.

“పసుప్పచ్చ పావడ కట్టుకోని, పొయ్యికాడ కూర్చోని, మామనైతేనే చేసుకుంటానని నువ్వే అంటివి” అంది అవ్వ.

అన్నానేమో. ఎలా కాదనగలను? మామ వచ్చి గడప దగ్గర నిలబడి “నన్ను గూడా మర్సిపోయినావా?” అని కన్ను గీటాడు. అతను అంతకుముందు నాకు ఎలా అనిపించేవాడో తెలియదు. అప్పుడు మాత్రం లేచి లోపలికి వెళ్లిపోయాను. తాంబూలాలకు మంచి రోజు చూస్తున్నారు. చిత్తూరు బెల్లం మండీలో పనిచేసే మా నాయన వారానికొకసారి వచ్చేవాడు. “నువ్వే అన్నావంట గదా” అని ఆయన నన్నే అడిగాడు. అన్నానని వాళ్లంటున్నారని చెప్పాను.

నాకు గుర్తు లేదు కాబట్టి ఉన్న బుద్ధితోనే పని చేయాలి. ఒక్కొక్కరిని విడిగా అడగడం మొదలుపెట్టాను. మొదట మా ఆవు ఈనిన రోజు గురించి. అది నిజంగా జరిగింది, దూడ కళ్లెదుటే ఉంది. చిన్నమ్మ వాన పడుతుండగా అంది. పక్కింటావిడ మిట్టమధ్యాహ్నం ఎండ అంది. అవ్వ ఆ రోజు ఊళ్లోనే లేనంది. అమ్మను అడిగితే అవ్వే దూడను లాగిందంది. తర్వాత పెళ్లి మాట అడిగాను. నలుగురినీ అడిగాను. పసుప్పచ్చ పావడ, పొయ్యి, మామనైతేనే. అదే వరస, అవే మాటలు. నిజంగా జరిగినదాన్ని నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. దీన్ని నలుగురూ ఒక్కలాగే చెప్పారు. పాఠం ఒప్పజెప్పినట్టు.

అబద్ధమని తేలింది. కానీ ‘మీరు ఒక్కలాగే చెబుతున్నారు’ అంటే పెళ్లి ఆగదు. వాళ్లు నమ్మే పద్ధతి ఇంకొకటి ఉంది. దాన్ని వాళ్లకు చదివి వినిపించింది నేనే.

తాంబూలాల మాట ఖాయం చేయడానికి మామ వచ్చిన రోజు పొద్దున, వసారాలో అందరూ పని మీద ఉన్నారు. నేను కొట్టంలో నుంచి గంప ఎత్తుకుని వస్తూ, వంగాల్సిన చోట వంగకుండా, ద్వారబంధం పైకొయ్యకు తల కొట్టుకున్నాను. అనుకున్నదానికంటే గట్టిగా తగిలింది. గంప జారిపోయింది. చింతకాయల మధ్య కూర్చుండిపోయాను. కడ్డీల చప్పుడు ఆగింది.

“ఏమైందిమే?” అంది చిన్నమ్మ.

నేను తల ఎత్తి ఒక్కొక్కరినే చూశాను. “గుర్తొచ్చేసింది” అన్నాను.

“ఏం గుర్తొచ్చింది?”

“అంతా.”

పక్కింటావిడ నవ్వబోయి మానేసింది. నవలల్లో ఇలాగే జరుగుతుందని అందరికీ తెలుసు. చిన్నమ్మ మాత్రం “ఏదీ, సెప్పు సూద్దాం” అంది. చెప్పడానికి నా దగ్గర ఏముంది? అమ్మ వైపు తిరిగాను.

“నువ్వు సెప్తావామా, నన్ను సెప్పమంటావా?”

పెళ్లి అబద్ధం ఒప్పుకుంటుందనుకున్నాను. నేను అడిగింది అంతే. అమ్మ చేతిలో కడ్డీ కింద పడింది.

“నేను కావాలని తొయ్యలేదుమే” అంది. “నువ్వు మామనొద్దు, నాయనకు సెప్తా, ఆ మెట్ల మీంచే అరిసి ఊరంతా వినిపిస్తానంటివి. నోరు ముయ్యమని తోస్తిని. పడతావని నాకేం తెలుసు?”

“గమ్మునుండే, పాపిష్టిదానా!” అని అవ్వ అరిచింది. ఆమె తిట్టింది తోసినందుకు కాదు, చెప్పినందుకు.

ఎవరూ నా దగ్గరికి రాలేదు. మామ చెప్పులు వేసుకున్నాడు. “గుర్తు లేనప్పుడే బాగుండె ఇది. గుర్తుండేదాన్ని నేనెట్లా ఏలుకునేది?” అన్నాడు. అతను అంగడికి పాత మోటారు కొనేటప్పుడు కూడా అలాగే మాట్లాడేవాడు. వెళ్లిపోయాడు. సాయంత్రానికి చింతపండు వ్యాపారి బండి వస్తుంది కనుక కాసేపటికి ఒక కడ్డీ లేచింది, తర్వాత ఇంకొకటి. చెదిరిన కాయలు నేనే ఏరి గంపలో వేశాను.

పెళ్లి ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఎవరూ నాకు నా గతం చెప్పలేదు. నాకు ఏం గుర్తుందోనని అందరికీ భయం. నాయనకు చెబుతానేమోనని అమ్మ అన్నం ముందు నాకు పెట్టి తర్వాత ఆయనకు పెట్టేది. నేను చెప్పలేదు. చెప్పనని మాట కూడా ఇవ్వలేదు. నిజం ఏమిటంటే ఆ ఏడాది నాకు అప్పుడూ గుర్తు రాలేదు, ఇప్పటికీ రాలేదు.

చాలా ఏళ్ల తర్వాత, నేను తిరుచానూరులో ఒక లాడ్జీలో లెక్కలు చూస్తుండగా, నాయన పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చి ఉంది. అప్పటికి ఆమెకు పగలంతా పనేమీ లేదు. ఒక మధ్యాహ్నం మల్లెమొగ్గలు కడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

“ఆ పొద్దు నేను నిజంగా తోసినానా మే? ఒగోసారి తోసినట్టే అనిపిస్తాది. ఒగోసారి, నువ్వు జారతా ఉంటే పట్టుకుందామని సెయ్యి సాపినట్టు అనిపిస్తాది. భయంలో నేనే తోసినానని వాగేసినానేమో. ఎన్నేండ్లుగా తలుసుకున్నా తేలలే. నీకైతే గుర్తొచ్చేసింది గదా. నువ్వే సెప్పల్ల.”

ఆ మెట్ల మీద ఉన్నది మేమిద్దరమే. ఆమెకు తేలనిది నాకు అసలే తెలియదు. గుర్తు లేదంటే అప్పటి నా మాట అబద్ధమని తెలిసిపోతుంది. జారానంటే ఆమెకు ఆ పూట నుంచి నిద్ర పడుతుంది. రెండూ ఆలోచించాను. తొందరపడి చెప్పింది కాదు.

“తోసినావు” అన్నాను.

అమ్మ దారం ముడి వేసింది. “ఒంటి సేత్తోనా, రెండు సేతులతోనా?” అంది.

“రెండు చేతులతో” అన్నాను.