నిమ్మకాయకు ఆగిన బండి

సుచిత్ర చౌరస్తా దాటాక బస్సు ఒక్క కుదుపు కుదిపింది. పక్క సీటాయన ఒడిలోని అట్టపెట్టె మీదనుంచి నిమ్మకాయ దొర్లి నా చెప్పుల దగ్గర పడింది. తీసిస్తూ, "పూజకా?" అని అడిగాను.

"పూజ దసరానాడే అయింది సారూ. గిది పరీక్షకు."

దేవరయాంజాల్ గుడి చూద్దామని బయల్దేరినవాణ్ణి, ఆ మాట విని ఆయనతోపాటు గుండ్లపోచంపల్లిలో దిగేశాను. దారులు మార్చుకోవడం నాకు పాత అలవాటు.

ఆయన పేరు ఇస్తారి. చిన్న ద్రాక్షతోట ఉంది. రెండువేల నాలుగు నాటికి ఆ చుట్టుపక్కల పందిళ్లు ఒక్కొక్కటే కూలి, వాటి రాతికడీలే ప్లాట్ల హద్దురాళ్లుగా నిలబడుతున్నాయి. కూలీలంతా ఆ ప్లాట్ల పనికే పోతున్నారు. బూజు తెగులుకు మందు కొట్టాలంటే ఇస్తారి ముందు, పైపు గుంజుతూ భార్య సుక్కమ్మ వెనక. కిందటేడు ఆమె ఆ మందు వాసనకే పందిరి కింద పడిపోయింది. మళ్లీ అందులోకి వెళ్తే ఊపిరితిత్తులు దక్కవన్నాడు డాక్టరు.

"మిషినన్న నడవాలె, లేకుంటే పందిరన్న పీకాలె. ఆమెనైతే లోపలికి పోనియ్య," అన్నాడు నడుస్తూ.

మిషినంటే ఆయన సొంతంగా బిగించుకున్న, చక్రాలకు బదులు పళ్ల బెల్టులున్న చిన్న బండి. పైన మందు డ్రమ్ము, పంపు. పొడుగాటి తీగ చివర మీటల పెట్టె. యుద్ధ ట్యాంకులకు ఈ బెల్టులు బురదలో దిగబడకుండా పెట్టారని చదివాను. తడిపిన తోటకూ అదే లెక్క. ఎడమ మోటరు ముందుకు, కుడిది వెనక్కు తిప్పితే ఉన్నచోటనే తిరుగుతుంది. మోటర్లకు ఎంత కరెంటు ఇవ్వాలో, ఎటు తిప్పాలో చూసుకునేది కంట్రోలర్ బోర్డు. బండి నడిచేటప్పుడు కరెంటు కొలిచి, దానికంటే కాస్త ఎక్కువ తట్టుకునే బోర్డు మొదట కొన్నాడు ఇస్తారి.

దసరానాడు కుంకుమ పెట్టి, కొత్త బండి కదా అని బెల్టుల కింద నిమ్మకాయలు పెట్టాడు. కారు చక్రమైతే చితక్కొట్టి పోయేది. ఈ బెల్టు కాయను ఎత్తుకుపోయి, తనను తిప్పే పళ్లచక్రం సందులో ఇరికించుకుంది. మోటరు ఆగింది, కరెంటు ఆగలేదు. బోర్డు పొగ వదిలింది.

"అగరుబత్తి అనుకున్న సారూ!" అని నవ్వాడు. "మా ఆమె ఊకుంటదా? నిమ్మకాయకే ఓడిన మిషిని మట్టిపెడ్డలు దాటుతదా అనె."

ఆ తర్వాత పళ్లచక్రాన్ని తాడుతో కట్టేసి, కదలని మోటరు ఎంత కరెంటు లాగుతుందో క్షణంపాటు కొలిచాడు. నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు. కోఠి దుకాణంలో రెండు బోర్డులు చూపించారట. ఒకటి ఎంత కరెంటునైనా ఓర్చుకునే పెద్దది. రెండోది చక్రం ఇరుక్కుంటే తానే కరెంటు తగ్గించేది.

"పెద్దదే తీసుకోవాల్సింది కదా?" అన్నాను.

"బోర్డు బతికితే ఏం లాభం? మోటరు సస్తది. నాకు మొండిది గాదు, ఎనకకు తగ్గేది గావాలె."

తోటలో అట్టపెట్టె విప్పి కొత్త బోర్డు బిగించాడు. సుక్కమ్మ గట్టు మీద కూర్చుని చూస్తోంది.

"మల్ల నిమ్మకాయనా? సిగ్గు లేదాయె నీకు."

"సూడు నువ్వు."

బెల్టు కాయను ఎత్తుకుంది, ఇరికించుకుంది. మోటరు మూలుగు సన్నబడింది. ఎర్రదీపం మిణుకుమంది. పొగ లేదు. ఇస్తారి బండిని వెనక్కు తిప్పాడు. నలిగిన కాయ కింద రాలింది. మళ్లీ ముందుకు నడిపితే కదిలింది.

మందు కలిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని పంపు ఆడించాడు. ఆ చప్పుడు వినగానే సుక్కమ్మ, అలవాటు కొద్దీ పైపు పట్టుకోవడానికి లేచింది.

"యాడికి? కూసో."

ఆమె కూర్చుని, మజ్జిగ ముంత దగ్గరికి లాక్కుంది. కొంగుతో మొహం తుడుచుకుంటూ, "సారుకు సల్లనన్న పొయ్యనియ్యవా?" అంది.

ఆయనకు వినబడలేదు. బండి పందిరి కిందికి దూరింది. మీటల పెట్టె చేతబట్టుకుని, గాలి తన వైపునుంచి బండి మీదికి వీచేలా, రెండు సాళ్ల ఇవతలినుంచి దాని వెంట నడిచాడు. వచ్చిన మనిషి ఒకడున్నాడని కూడా మరిచిపోయినట్టు, వెనక్కు చూడకుండా ఆకుల్లోకి వెళ్లిపోయాడు.