పసుపు పూసిన కుందేలు తోలు

మా ఆయన ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైనప్పటి నుంచి ఫోనులో కనిపించే విద్యలన్నీ నేర్చుకుంటున్నాడు. ఒకసారి టమాటా ఊరగాయ ఎలా పెట్టాలో నాకే చెప్పబోయాడు. మదనపల్లెలో పుట్టి మదనపల్లెలోనే మెట్టిన నాకు. ఆ పూట ఆయనకు ఊరగాయ లేకుండానే అన్నం పెట్టాను. అలాంటి మనిషి ఇంట్లో కుందేలు తోలు తయారుచేస్తానంటే నేను సరేనన్నానంటే, మా మనవరాలికి నేను ఎంత భయపడి ఉంటానో ఆలోచించండి.

మనవరాలు ఒకటో తరగతి. మా అమ్మాయి కుప్పంలో నర్సు కాబట్టి ఎండాకాలం సెలవులకు పిల్లను మా దగ్గర వదిలిపెట్టింది. పుంగనూరులో మా మరిది షెడ్డు వేసి మాంసానికి కుందేళ్లు పెంచుతాడు. పిల్ల ఆడుకుంటుందని ఒక తెల్ల కుందేలును అట్టపెట్టెలో పెట్టి బస్సులో తెచ్చిచ్చాడు. ఒళ్లంతా తెలుపే, ఎడమ చెవి కింద మాత్రం చింతగింజంత నల్లమచ్చ. ఆ రోజు నుంచి పిల్లకు అదే లోకం. నేను పోసిన దోసె ముందు దానికి చూపించి, అది మొహం తిప్పుకుంటే అప్పుడు తాను తినేది.

ఇంతలో కుప్పంలో గంగజాతర వచ్చింది. అల్లుడు వచ్చి పిల్లను తీసుకుపోయాడు. బస్సెక్కే ముందు అది నా కొంగు పట్టుకుని, "అవ్వా, నేనొచ్చేదాకా దాన్ని నువ్వే సూసుకోవాల. తాతకియ్యద్దు," అంది. ఆయన పక్కనే ఉన్నాడు. నాకు లోపల భలే గర్వంగా అనిపించింది.

ఆ వారంలోనే ఎండ ముదిరింది. ఒక మధ్యాహ్నం అంట్లు తోమి వచ్చి చూసేసరికి కుందేలు బోనులో పక్కకు ఒరిగి ఉంది. తడిగుడ్డ కప్పాను, నీళ్లు తాగించబోయాను, టేబుల్ ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టాను. అప్పటికే అంతా అయిపోయింది. నన్ను నమ్మి, నాకు మాత్రమే అప్పగించి వెళ్లింది పిల్ల. దానికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మరిదికి ఫోను చేస్తే, "తెల్లవి అయిపోయినాయి వదినా, బూడిదరంగువి ఉండాయి, తెచ్చేదా?" అన్నాడు.

"పిల్లకు కండ్లు లేవనుకుంటివా? తెల్లది దొరికినా ఆ మచ్చ యాడ తెస్తావు?" అన్నాను.

అప్పుడు మా ఆయన ఫోను పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. మంచు కురిసే ఏదో దేశంలో, గడ్డం వాడొకడు, కొత్తగా బోన్లు పెట్టి వేట నేర్చుకునేవాళ్లకు పాఠం చెబుతున్నాడు. పిల్లికీ ఎలుకకీ మధ్యరకంగా ఉన్న బొచ్చు జంతువు తోలు ఒలిచి, శుభ్రం చేసి, ఇంట్లోనే ఆరబెడుతున్నాడు. ఆరిన తోలును చెంపకు రుద్దుకుని నవ్వుతున్నాడు. మా ఆయనకు ఆ ఇంగ్లీషు సగమే అర్థమవుతుంది. మిగతా సగం ఆయనే కల్పిస్తాడు.

"తోలన్నా ఉంటే పిల్ల నిమురుకుంటాది. మచ్చ కూడా అట్లే ఉంటాది. పూర్తిగా పోయిందనుకోదు," అన్నాడు.

"ఫారెస్టోళ్లు పట్టుకుంటే?"

"ఇది అడవిది కాదే, ఫారంలో పెరిగింది. గమ్మునుండు."

నాకు నచ్చలేదు. కానీ అంతకంటే మంచి ఉపాయం నా దగ్గర లేదు.

మరిది వెంటనే బస్సెక్కి వచ్చాడు. రోజూ చేసే పనే కాబట్టి పెరట్లో చాకలిబండ మీద తోలు చక్కగా ఒలిచాడు. నేను గోడవైపు తిరిగి నిలబడి, "చెవులు తెగనీయొద్దు, మచ్చ జాగ్రత్త," అని చెబుతూనే ఉన్నాను. మిగిలిన శరీరాన్ని కరేపాకు చెట్టు కింద లోతుగా గొయ్యి తీసి పెట్టాం. ఒక ఊదుబత్తి వెలిగించాను. మరిది చేతులు కట్టుకుని నిలబడ్డాడు గానీ అతని మొహంలో దుఃఖం కంటే మాంసం మన్నుపాలైందన్న బాధే ఎక్కువ కనిపించింది.

స్టీలు గరిటెతో కొవ్వంతా గీకడం మా ఆయన పని. ఉప్పు పట్టించడం నాకిచ్చారు. ఇక్కడే కథ చెడింది. పచ్చిమాంసం ఇంట్లోకి వస్తే ముందు పసుపు, తర్వాతే ఉప్పు. కాపురానికి వచ్చినప్పటి నుంచి నా చెయ్యి అదే చేస్తోంది, దానికి నా అనుమతి అక్కర్లేదు. పసుపు డబ్బా ఎప్పుడు తీశానో తెలియదు. లోపలివైపు దట్టంగా పట్టించి, తిరగేసి, బొచ్చుకు కూడా శ్రద్ధగా రుద్దాను. రాళ్లుప్పు కోసం చెయ్యి చాపినప్పుడు గానీ వాళ్లిద్దరూ నోరు తెరుచుకుని చూస్తున్నారని గమనించలేదు.

మరిది నెమ్మదిగా, "వదినా, అల్లం వెల్లుల్లి మర్సిపోయినావు," అన్నాడు.

మా ఆయన వీడియోను వెనక్కి తిప్పి, ఆ గడ్డంవాడు ఎక్కడైనా పసుపు వేశాడేమోనని మొదటి నుంచి చూశాడు. వాడు వేయలేదు.

షాంపూ ప్యాకెట్లతో కడిగాం. తెల్ల కుందేలు కాస్తా పెళ్లికూతురిలా తయారైంది. పసుపు మరక ఎండలో పెడితే పోతుందని నాకు తెలుసు, చీరలకు అంతే చేస్తాం. తోలును ఎండలో పెట్టకూడదని, చల్లటి షెడ్డులో గాలికి ఆరాలని వీడియో చెబుతోంది.

"మే నెలలో ఈ ఇంట్లో సల్లగా ఉండేది ఫ్రిజ్జొకటే. దాంట్లో మాత్రం పెట్టనియ్యను," అన్నాను.

చివరికి ఒప్పందానికి వచ్చాం. పటిక, ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి తీశాక, పొద్దుటి లేత ఎండ నాది, మిగతా రోజంతా నీడ ఆయనది. తోలు ముడుచుకోకుండా బట్టలు తగిలించే తీగ హ్యాంగరును వంచి లోపల దూర్చి, మిద్దె మీద దండేనికి తగిలించాడు. పొడుగు చెవులు, పసుప్పచ్చ ఒళ్లు. గాలి వీచినప్పుడల్లా అది చుట్టూ తిరిగి వీధంతా చూసేది.

మూడో పొద్దుకల్లా ఎదురింటామె గేటుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టింది. నేను పలకరిస్తే తల తిప్పుకుంది. ఆ సాయంత్రం మా ఆయన మిద్దె మీద కూర్చుని దువ్వెనతో బొచ్చు దువ్వుతుంటే ఆమె ఇక ఆగలేక నేరుగా వచ్చేసింది.

"అక్కా, నామీద ఏమన్నా ఉంటే మొగానే అడగాల. ఇట్లాటివి సేపిచ్చేది మంచిది కాదు."

"ఏం సేపిస్తిమి? అది మా మనవరాలి కుందేలు తోలు."

"కుందేలయితే పసుపు యాల?"

"అలవాటు," అన్నాను. ఇంకేం చెప్పను?

ఆమె నమ్మలేదు. ఉప్పు, పటిక, వీడియో అన్నీ చూపించాక పడీపడీ నవ్వింది. నిమ్మకాయలు మాత్రం తీయలేదు.

ఇవన్నీ ఒకెత్తు, సాయంత్రం వీడియో కాల్ ఒకెత్తు. పిల్ల జాతరలో కొన్న గాజులు చూపించి, వెంటనే కుందేలును చూపించమనేది. నేను గోనెసంచి కప్పిన బోను చూపించి, "ఎండకు కప్పినాం నాయనా, పండుకోనుండాది," అనేదాన్ని. వెనక నుంచి మా ఆయన కట్టెతో సంచిని కదిపేవాడు. "కదిలె, కదిలె," అని పిల్ల చప్పట్లు కొట్టేది. ఫోను పెట్టేశాక మేమిద్దరం మొహాలు చూసుకునేవాళ్లం కాదు. నాకు సిగ్గేసేది.

ఆరాక తోలు అప్పడంలా గట్టిపడింది. రోజూ మధ్యాహ్నం టీవీ పెట్టుకుని, దానికి కొబ్బరినూనె రాసి, మంచం పట్టె అంచు మీద అటూ ఇటూ లాగుతూ కూర్చున్నాను. చేతులు పీకేవి. వేరే ఎవరైనా చేస్తానంటే ఇవ్వలేదు. నెమ్మదిగా అది మెత్తబడింది, పసుపు కూడా వెలిసి లేత మీగడ రంగుకు వచ్చింది. నల్లమచ్చ చెక్కుచెదరలేదు. చెంపకు ఆనించి చూసుకున్నాను. బాగుంది. పిల్ల క్షమిస్తుందనే అనిపించింది.

జాతర అయ్యాక మా అమ్మాయి పిల్లను తీసుకుని వచ్చింది. పిల్ల చెప్పులు కూడా విప్పకుండా బోను దగ్గరికి పరుగెత్తింది. ఇక దాచడానికేమీ లేదు. పక్కన కూర్చుని, ఎండకు చచ్చిపోయిందని నేనే చెప్పాను. కాపాడడం నావల్ల కాలేదని, నీళ్లు తాగించబోయినా తాగలేదని చెప్పాను. మా ఆయన మెత్తటి టవల్లో చుట్టిన తోలును తెచ్చి దాని ఒళ్లో పెట్టాడు.

పిల్ల ఏడవలేదు. మచ్చ మీద వేలు పెట్టింది. చెవులు నిమిరింది. తర్వాత కడుపు దగ్గర తెరిచి లోపలికి తొంగి చూసింది.

"ఇది యాడికి పోయింది?"

"ఏది నాయనా?"

"లోపల ఉండేది."

కరేపాకు చెట్టు కింద పెట్టామని మా ఆయన చెప్పాడు. పిల్ల తోలును చూసింది, చెట్టును చూసింది, నన్ను చూసింది.

"బట్టల్లేకుండా పెట్టేసినారా అవ్వా? దానికి సిగ్గు కాదా?"

మా అమ్మాయి, "వాళ్లు నీకోసమని ఎంత కష్టపడినారో సూడు, దాసి పెట్టుకో," అంది. పిల్ల తల అడ్డంగా ఊపి, తోలును రెండు చేతులతో ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. తవ్వమని తాతకు చెప్పింది. మా ఆయన పార తెచ్చి, పైపైన మోచేతి లోతు తవ్వాడు.

పిల్ల కూర్చుని అడిగింది, "తల యాపక్క ఉండాది?"

ఆయన గోడవైపు చూపించాడు. "కాదు, బావివైపు," అన్నాను నేను. ఇంకో రోజైతే దాని మీద సాయంత్రం దాకా వాదించుకునేవాళ్లం. ఆ రోజు ఆయన ఒప్పుకున్నాడు.

బావివైపు చెవులు వచ్చేలా పిల్ల తోలును పరిచింది. ముడతలు పోయేలా చేత్తో సవరించింది. అంచులు ఒక్కొక్కటిగా కిందికి మడిచింది. రాత్రిళ్లు పిల్లకు నేను దుప్పటి అలాగే కప్పుతాను. మన్ను మాత్రం మమ్మల్ని పోయనివ్వలేదు, పిడికిళ్లతో తానే పోసింది.

చేతులు నా చీరకు తుడుచుకుని, "ఇంక గలాటా సేయొద్దండి, అది నిజంగా పండుకుంటాది," అంది.